ఇంటి దుమ్మునూ కొలవండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండళ్ల అధ్యక్షులకు బహిరంగ లేఖ



మీ మండళ్లు గాలిని కొలుస్తున్నాయి. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాలలో 12 కాలుష్య కారకాలకు హద్దులున్నాయి. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం10 60 మైక్రోగ్రాములు, పీఎం2.5 40, సీసం 0.5 దాటకూడదు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖ, గుంటూరు, కర్నూలు సహా 13 పట్టణాలు, తెలంగాణ నుంచి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి చేరాయి. అయితే ఈ కొలతలన్నీ ఆరుబయటివి. అదే గాలి కిటికీలోంచి లోపలికి వచ్చి, అందులోని నుసి గచ్చు మీద దిగి, ఆ గచ్చు మీద పసిబిడ్డ పాకే చోట ఏముందో చూసే ఏర్పాటు మన దగ్గర లేదు. ఇంటి నేల మీది దుమ్ములో సీసం ఇంతకు మించకూడదనే ప్రమాణం కూడా దేశంలో లేదు. ఇళ్లలోని దుమ్మును, అన్నిటికంటే ముందు అంగన్‌వాడీ కేంద్రాల నేల మీది దుమ్మును, నమూనాలు తీసి పరీక్షించి ఫలితాలను ప్రజలకు తెలియజేయమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అందుకు కారణం ఆ దుమ్ములోనే ఉంది కాబట్టి ముందుగా దాని గురించి చెప్పాలి.

ఇంటి దుమ్ములో ఎక్కువ భాగం మనిషి ఒంటి నుంచి రాలిన చర్మమేనని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. ఇందులో నిజం కొంతే. మనిషి ఒంటి పైపొర రెండు నుంచి నాలుగు వారాల్లో పూర్తిగా మారిపోతుంది. గంటకు 30 నుంచి 90 మిల్లీగ్రాముల దాకా పొట్టు రాలుతుంది. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో పిల్లల పడకగదుల దుమ్మును పరీక్షించిన చార్లెస్ వెష్లర్ బృందం, చర్మపు జిడ్డులో ఉండే స్క్వాలీన్ ఆ దుమ్ములో ఉన్నట్టు 2011లో ప్రకటించింది. అది గదిలోని ఓజోన్‌ను కాస్త పీల్చుకుంటుందని కూడా ఆ పరిశోధకులు లెక్కగట్టారు. కానీ రాలిన పొట్టులో చాలా భాగం స్నానపు నీళ్లలో, ఉతికిన బట్టల నీళ్లలో కొట్టుకుపోతుంది. నేల మీద చేరినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కనిపించే మిశ్రమం చాలా పెద్దది. ఇసుక, బంకమట్టి రేణువులు, సిమెంటు పొడి, పొయ్యి మసి, వాహనాల పొగ నుసి, టైర్ల నుంచీ బ్రేకుల నుంచీ అరిగిన పొడి, నూలు పోగులు, పాలిస్టరు పోగులు, వెంట్రుకలు, పుప్పొడి, బూజు బీజాలు, బొద్దింకల కాళ్ల ముక్కలు, అగరుబత్తి బూడిద, వంటనూనె ఆవిరి పట్టిన రేణువులు, గోడల నుంచి రాలిన రంగు పెచ్చులు. వీటికి తోడు చర్మపు పొట్టు తిని బతికే డస్ట్ మైట్లు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఈ జీవుల వల్లనే ఇంటి దుమ్ము ఎలర్జీ వస్తోందని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హార్స్ట్ బృందం 1964లో నిరూపించింది. వాటి మలపు గుళికలలోని ప్రోటీన్లే ఉబ్బసాన్ని రేపుతాయి. ఇవి నీళ్లు తాగవు, గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుంటాయి. అందుకే పొడి రాయలసీమ కంటే తేమ నిండిన కోస్తా వీటికి అనుకూలమైన చోటు.

ఈ మిశ్రమంలో ఇంట్లో పుట్టిందెంత, బయటి నుంచి వచ్చిందెంత అన్నది ఈ లేఖకు ముఖ్యమైన ప్రశ్న. అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతపు ఇళ్ల మీద డేవిడ్ లేటన్, పలోమా బీమర్ 2009లో ప్రచురించిన అధ్యయనం నేల దుమ్ములో సుమారు 60 శాతం బయటిదేనని అంచనా వేసింది. అందులో కొంత చెప్పులకు అంటుకుని వచ్చిన మట్టి, కొంత గాలిలో తేలి వచ్చిన నుసి. ఆ 60 శాతాన్ని ఉన్నదున్నట్టు మనకు అంటగట్టలేం. అక్కడి ఇళ్లలో తివాచీలుంటాయి, చెప్పులతో లోపల తిరుగుతారు, చలికి తలుపులు మూసుకుంటారు. మనం చెప్పులు గడప బయట విడుస్తాం, తివాచీ పరవం, కాబట్టి కాళ్ల వెంట వచ్చే మట్టి తక్కువే ఉండవచ్చు. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు కిటికీలు తెరిచే ఉంచుతాం, కాబట్టి గాలితో వచ్చేదానికి అడ్డు లేదు. విశాఖ పాతపట్నంలో రేవు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజపు ధూళి గురించి, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల థర్మల్ కేంద్రపు బూడిద గురించి, సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల పక్క ఊళ్లలో బొగ్గు నుసి గురించి జనం ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ప్రతిసారీ చర్చ బయటి యంత్రం చూపించిన అంకె దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో బల్ల మీద పేరుకున్న నల్లటి పొర సాక్ష్యంగా నిలవదు. నిజానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. థర్మల్ కేంద్రపు బూడిద ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద నున్నని గాజు గోళీల వరస. ఇసుక రేణువు కోసుగా ఉంటుంది. పొగ నుసి గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉంటుంది. సీసం ఏ గని నుంచి వచ్చిందో, ఏ మూలం నుంచి వచ్చిందో దాని ఐసోటోపుల నిష్పత్తి చాలాసార్లు పట్టిస్తుంది. గాలి యంత్రం ఆ గంటలో, ఆ రోజులో వీచిన గాలిని చెబుతుంది. అటక మీది దుమ్ము కొన్ని నెలల, కొన్ని ఏళ్ల కథ చెబుతుంది.

దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం ఒక్కటే ప్రమాదమని మనం అనుకుంటాం. పసిపిల్లల విషయంలో అది నోటి ద్వారా పోవడమే పెద్ద మార్గం. కదలని గాలిలో 10 మైక్రాన్ల రేణువు మూడు మీటర్ల ఎత్తు నుంచి నేలకు దిగడానికి పావుగంటకు పైగా పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు దాదాపు ఒక రోజు పడుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే పెద్ద రేణువులు చేటలోకి వస్తాయి, చిన్నవి లేచి మళ్లీ గంటల తరబడి దిగుతూనే ఉంటాయి. దిగినచోటే బిడ్డ పాకుతుంది, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. ఏడాది, రెండేళ్ల పిల్లలు రోజుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల మట్టినీ దుమ్మునూ మింగుతారని లెక్క. పెద్దవాడి పేగులు సీసంలో కొద్ది వంతునే పీల్చుకుంటాయి, పసివాడి పేగులు అంతకు చాలా రెట్లు పీల్చుకుంటాయి. ఆ సీసం చేరేది అప్పుడే రూపు కట్టుకుంటున్న మెదడుకు. పిల్లల రక్తంలో సీసానికి నిరపాయమైన స్థాయి అంటూ ఏదీ లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక, రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు భారతదేశంలో 27 కోట్ల పైచిలుకు ఉన్నారని అంచనా వేసింది. అది నమూనా పరీక్షల మీద వేసిన అంచనాయే, తలలు లెక్కపెట్టింది కాదు. అందులో సగమే నిజమనుకున్నా ఇంత పెద్ద సంగతి మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో జరగాల్సినంత వెతుకులాట జరగలేదు.

ఈ వెతుకులాట ఎలా జరుగుతుందో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ చూపించింది. క్వీన్స్‌లాండ్ పిల్లల్లో కాళ్లూ చేతులూ చచ్చుబడడం, చూపు పోవడం చూసిన జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు, ఆ సీసం వరండా కటకటాల రంగు నుంచి, ఎండకు పిండిపిండిగా రాలే ఆ పొడి నుంచి వస్తోందని 1904లోనే రాశాడు. ఆ రాష్ట్రం పిల్లలకు అందే చోట సీసపు రంగును నిషేధించింది 1922లో. మధ్యలో 18 ఏళ్లు పోయాయి. అమెరికా ఇంటి రంగుల్లో సీసాన్ని నిషేధించడానికి 1978 దాకా ఆగింది. రోచెస్టర్ నగరంలో 1974లో సేయర్ బృందం ఇళ్ల దుమ్మునూ పిల్లల అరచేతులనూ తుడిచి చూసినప్పుడు పాత బస్తీ ఇళ్లలో రెండింటిలోనూ సీసం ఎక్కువగా దొరికింది. పిల్లలు రంగు పెచ్చులు తినకపోయినా సీసం ఒంట్లోకి ఎలా వెళుతుందన్న చిక్కు అక్కడ విడింది. ఆ తర్వాత నేల దుమ్ముకు ప్రమాణం వచ్చింది. 2001లో చదరపు అడుగుకు 40 మైక్రోగ్రాములని పెట్టి, 2019లో దాన్ని 10కి దించారు. 2024 నిబంధన ప్రకారం మరమ్మతు చేసిన ఇంటి నేల మీద మిగలాల్సింది 5 లోపే.

మన సంగతి చూడండి. పెట్రోలులో సీసం 2000 నాటికి పోయింది, అది నిజంగా గొప్ప పని. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు దేశంలో చట్టబద్ధమైన హద్దు లేదు. నిబంధన కొత్త డబ్బాకు వర్తిస్తుంది, పాత తలుపుకు వర్తించదు. పండక్కో పెళ్లికో ఇంటికి రంగులు వేయించేటప్పుడు పెయింటర్ చేసే మొదటి పని పాత ఎనామిల్‌ను ఎమ్రీ పేపరుతో రుద్దడం. ఆ పాత పూతలో ఒక శాతం సీసం ఉందనుకుందాం. రుద్దగా రాలిన ఒక్క గ్రాము పొడిలో 10,000 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. అది వంద చదరపు అడుగుల గదిలో పరుచుకుంటే చదరపు అడుగుకు వంద మైక్రోగ్రాములు, అంటే అమెరికా 2019లో పెట్టిన హద్దుకు పది రెట్లు. పాత బడులకు, అద్దె భవనాల్లో నడిచే అంగన్‌వాడీలకు రంగులు వేసేది కూడా ఈ పద్ధతిలోనే. రుద్దే ముందు తడపాలని, పిల్లలను కొన్నాళ్లు వేరే చోట కూర్చోబెట్టాలని చెప్పే కాగితం ఒక్కటి కూడా పెయింటర్ చేతికి చేరడం లేదు. ఆ పొడిని అందరికంటే ఎక్కువగా పీల్చేదీ, బట్టలకు అంటించుకుని తన పిల్లల దగ్గరకు మోసుకుపోయేదీ అతనే. పాత బ్యాటరీలు కరిగించే చోట పనిచేసేవాళ్ల ఇళ్ల సంగతీ ఇంతే.

ఇంట్లోనే పుట్టే విషాలు లేవా అంటే ఉన్నాయి. ఒక్క దోమల చుట్ట కాలితే వెలువడే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. కుంకుమ, సిందూరం నమూనాలను న్యూజెర్సీలోనూ భారత్‌లోనూ కొని పరీక్షించిన రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని పొడుల్లో సీసం అమెరికా అనుమతించే స్థాయిని దాటిందని 2017లో రాశారు. సోఫా స్పంజిలో, టీవీ వెనక ప్లాస్టిక్కులో మంటలు అంటకుండా కలిపే రసాయనాలు, ప్లాస్టిక్కును మెత్తబరిచే థాలేట్లు మెల్లగా వదిలి దుమ్ములో చేరతాయి. అమెరికా ఇళ్ల దుమ్ము మీద వచ్చిన అధ్యయనాలను 2016లో కలిపి చూసినప్పుడు పది రసాయనాలు 90 శాతానికి పైగా నమూనాల్లో కనిపించాయి. ఇవి ఇంట్లో పుట్టినా ఇంటివాళ్లు పుట్టించినవి కావు. కుంకుమ కొన్న గృహిణి అందులో సీసం ఉందని తెలిసి కొనలేదు. సోఫా స్పంజిలో ఏం కలిపారో చీటీ మీద రాయరు. అంగట్లో అమ్మనిచ్చినది ఇంట్లో దుమ్మై తేలుతున్నప్పుడు దాన్ని ఇంటి సొంత విషయం అనడం న్యాయం కాదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇల్లు తుడుచుకోవడం ఇంటివాళ్ల పని, దీనికి ప్రభుత్వం ఎందుకని. ఈ మాటలో "ఇంటివాళ్లు" అంటే ఆడవాళ్లేనని అందరికీ తెలుసు. తడిగుడ్డతో తుడవడం పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో చార్నీ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగంలో, శిక్షణ పొందిన పనివాళ్లు నెలకు రెండుసార్లు ఇళ్లను తడిగా తుడిచినచోట పిల్లల రక్తంలో సీసం ఏడాదిలో డెసిలీటరుకు సుమారు 7 మైక్రోగ్రాములు తగ్గింది. తుడవనిచోట ఒకటి కూడా తగ్గలేదు. కానీ తర్వాతి ప్రయోగాలన్నిటినీ కలిపి తూచిన కోక్రేన్ సమీక్ష, తల్లులకు పాఠాలు చెప్పి, తుడవమని సామాను ఇచ్చినంత మాత్రాన పిల్లల రక్తంలో సీసం చెప్పుకోదగ్గంతగా తగ్గడం లేదని తేల్చింది. పక్కనే సీసం రాలుతూ ఉంటే ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ వస్తుంది. మూలం ఎక్కడుందో కనిపెట్టడం ఇల్లాలి చేతిలో లేని పని. దానికి ప్రయోగశాల కావాలి, తయారీదారును అడిగే అధికారం కావాలి. అవి రెండూ మీ దగ్గరే ఉన్నాయి.

రెండో అభ్యంతరం కాస్త లోతైనది. పిల్లలకు దుమ్ము మంచిదే, మరీ శుభ్రంగా పెంచితేనే ఎలర్జీలు వస్తాయని వైద్యులే అంటున్నారు కదా అని. ఇందుకు ఆధారం ఉంది. అమెరికాలో ఇండియానాలోని ఆమిష్ పిల్లలను, దక్షిణ డకోటాలోని హటరైట్ పిల్లలను పోల్చిన అధ్యయనం 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రెండు సమాజాలూ జన్యుపరంగా దగ్గరివే, తిండీ దాదాపు ఒకటే. ఆమిష్ వాళ్లు పాత పద్ధతిలో పశువుల మధ్య బతుకుతారు, హటరైట్లు యంత్రాలతో సేద్యం చేస్తారు. ఉబ్బసం ఆమిష్ పిల్లల్లో 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ. ఆ దుమ్మును ఎలుకల ముక్కులో వేస్తే వాటికి ఉబ్బసం నుంచి రక్షణ దొరికింది. నేను ఈ ఫలితాన్ని పూర్తిగా నమ్ముతున్నాను, ఇది నా వాదనకే బలం. ఒక ఇంటి దుమ్ము బిడ్డను కాస్తుంది, మరో ఇంటి దుమ్ము బిడ్డ తెలివిని తినేస్తుంది. పశువుల కొట్టం నుంచి వచ్చినదీ బ్యాటరీ బట్టీ నుంచి వచ్చినదీ కంటికి ఒకే రంగులో కనిపిస్తాయి. అమెరికాలో సుమారు 1,200 ఇళ్ల గుమ్మాల పైనుంచి తీసిన దుమ్మును పరీక్షించి 2015లో ప్రచురించిన పరిశోధన, దుమ్ములోని శిలీంధ్రాలు ఆ ప్రాంతాన్ని బట్టి, బ్యాక్టీరియా ఆ ఇంట్లో ఉండే మనుషులను, కుక్కలను బట్టి మారతాయని చూపింది. ఊరు ఊరుకూ ఇల్లు ఇంటికీ తేడా ఉన్నదాన్ని గుడ్డిగా మంచిదనీ చెడ్డదనీ అనలేం.

మూడోది మీ అధికారులు తప్పక అనే మాట. బయటి గాలినే సరిగా కొలవడానికి సిబ్బంది చాలడం లేదు, పైగా చట్టం మాకు ఇళ్లలోకి వెళ్లే అధికారం ఇవ్వలేదు అని. సిబ్బంది కొరత నిజమే. కానీ దుమ్ము పరీక్షకు నిరంతరం నడిచే యంత్రం అక్కర్లేదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు చట్రం నేల మీద పెట్టి, లోపలి భాగాన్ని తడిగుడ్డ ముక్కతో తుడిచి, ఆ ముక్కను గొట్టంలో వేసి ప్రయోగశాలకు పంపితే చాలు. నీళ్లలో సీసం చూసే యంత్రమే దీన్నీ చూస్తుంది. ఆస్ట్రేలియాలోని మక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనం పంపిన వాక్యూమ్ క్లీనర్ దుమ్ముతోనే 35 దేశాల్లోని రెండు వేలకు పైగా ఇళ్ల లోహాల లెక్క తీసి 2022లో ప్రచురించారు. మన ఇళ్లలో ఎక్కువగా వాడేది చీపురు కాబట్టి ఆ పద్ధతి మనకు కుదరదు, తడిగుడ్డ ముక్కతో తుడిచే పద్ధతి కుదురుతుంది. చట్టం సంగతికొస్తే, 1981 వాయు చట్టం 17వ సెక్షను వాయు కాలుష్యం గురించి సమాచారం సేకరించి ప్రచారం చేయడం, రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇవ్వడం మండలి విధులని చెబుతోంది. ఇంటి యజమాని ఒప్పుకుంటే నమూనా తీయడానికి ఏ అడ్డూ లేదు. అంగన్‌వాడీలకైతే ఆ ప్రశ్నే లేదు, అవి ప్రభుత్వం నడిపేవే. రెండు రాష్ట్రాల్లో కలిపి సుమారు 90 వేల కేంద్రాలున్నాయి. అందులో అన్నీ చూడనక్కర్లేదు. రేవు పక్కవి, థర్మల్ కేంద్రాల పక్కవి, గనుల దారిలో ఉన్నవి, పారిశ్రామిక వాడల్లో ఉన్నవి, పోల్చుకోవడానికి దూరపు పల్లెల్లో కొన్ని, వెరసి కొన్ని వందలు చాలు.

ఫలితాలు బయటపెడితే జనం బెదిరిపోతారని కొందరు ఆపమంటారు. బెదురు పుట్టేది అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే. ప్రతి కేంద్రానికీ దాని ఫలితంతో పాటు ఏం చేయాలో తెలుగులో రాసి అంగన్‌వాడీ టీచరు చేతికి ఇవ్వండి. పొడి చీపురు మాని తడిగుడ్డ వాడడం, అన్నం ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించడం, పెచ్చులూడే తలుపును పిల్లలున్నప్పుడు గీకకపోవడం ఆ కేంద్రం తన చేతులతో చేసుకోగలదు. తలుపు మార్పించడం, రోడ్డుకు తారు వేయించడం, బొగ్గు గుట్టల మీద పట్టాలు కప్పించి నీళ్లు చల్లించడం, కుంకుమ తయారీదారు మీద కేసు పెట్టడం మీ మండళ్లు, ఇతర శాఖలు చేయాల్సినవి. ఏ పని ఎవరిదో ఆ కాగితం మీదే రాసి ఉండాలి.

నమూనాలు రెండు విడతలుగా తీయించండి. ఒకటి ఎండలు ముదిరి గాలిదుమారాలు రేగే మే నెలలో, రెండోది ఇళ్లకు రంగులు పడే సంక్రాంతి తర్వాత. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ చూడండి. ప్రతి పదో నమూనాను సూక్ష్మదర్శినికి పంపి బొగ్గు, బూడిద, సిమెంటు వేరు చేయించండి. ఎక్కువ సీసం తేలిన కేంద్రాల పిల్లలకు రక్తపరీక్ష జరిగేలా వైద్య ఆరోగ్య శాఖకు అదే వారంలో లేఖ రాయండి. మొదటి విడత ఫలితాలు ఏ నెలలో ప్రకటిస్తారో ముందుగానే చెప్పండి. ఆ తేదీ కోసం ఎదురుచూస్తాం.

ఇట్లు
భవదీయుడు